మైకు లేని స్టేజీ

నాది కంచు కంఠమని మా ఊళ్లో అననివాళ్లు లేరు. ఎవరైనా అనకపోతే నేనే ఏదో ఒక వంకతో అనిపించుకునేదాన్ని. స్కూలు వార్షికోత్సవంలో కుందేలు వేషం వేసిన నాటి నుంచి కాలేజీ నాటకాల్లో అక్క వేషం దాకా, నేను నోరు విప్పానంటే మైదానం చివర సైకిళ్ల దగ్గర కబుర్లాడుకునేవాళ్లు కూడా తల తిప్పి చూసేవాళ్లు. ఆ గొంతు చూసుకుని నాకు కాస్త పొగరు. అది దిగిన రోజు గురించే ఇప్పుడు చెబుతున్నాను. ఇన్నేళ్ల తర్వాత తలుచుకుంటే ఆ రోజంటే నాకు ఇష్టమే. ఆ రోజు మాత్రం ఎవరు ఎదురొస్తే వాళ్ల మీద విరుచుకుపడ్డాను.

నాటకం చదువుకుంటున్న మమ్మల్ని కొద్దిమందిని మా మాస్టారు పరాయి దేశానికి తీసుకెళ్లారు. అక్కడొక పాత నాటకశాలలో పొద్దున పాఠాలు, మధ్యాహ్నం సాధన, సాయంత్రం వాళ్ల నాటకాలు చూడటం. ప్రయాణం ఆఖరి రోజున అదే స్టేజీ మీద, ఆ ఊరి జనం ముందు, మేం తలా ఒక చిన్న ఘట్టం మన భాషలోనే ఆడి చూపించాలి. నేను ఇంటి దగ్గర ఉన్నప్పుడే నా ఘట్టం ఎంచుకుని పెట్టుకున్నాను. ప్రయాణమంతా మిగతావాళ్లకు ఎలా అనాలో, ఎక్కడ ఆగాలో చెబుతూ పెద్దరికం వెలగబెట్టాను.

ఆ ఆఖరి రోజు పొద్దున మా గదిలో అద్దం ముందు నా స్నేహితురాలు జడ వేసుకుంటోంది. తనకు మేం పెట్టిన పేరు పిల్లి. నడిచినా చప్పుడు ఉండదు, మాట్లాడినా చప్పుడు ఉండదు.

"నాకు భయంగా ఉందే. అంత పెద్ద హాల్లో నా మాట ఎవరికి వినబడుతుంది?" అంది.

"దాందేముంది, నా గొంతులో సగం నీకిస్తాలే. మిగిలిన సగం నాకు సరిపోతుంది" అన్నాను.

పాపం అది నిజంగానే థాంక్స్ చెప్పింది.

వానకు తడిసిన వీధిలో అందరం నడిచి వెళ్లాం. దుకాణాల వాళ్లు షట్టర్లు ఎత్తుతున్నారు, ఒకతను నిచ్చెన మీద నిలబడి బట్టల కొట్టు అద్దం తుడుస్తున్నాడు. నాటకశాలకు ముందు ద్వారం ఎంత గొప్పదైనా మేం వెళ్లేది పక్కసందులోని చిన్న తలుపులోంచే. లోపల సన్నటి నడవా, గోడకు ఆనించిన చెక్క తలుపులు, రంగు వేసిన కిటికీలు, ఎక్కడికీ వెళ్లని మెట్లు. చెక్కపొట్టు వాసన, పాత గుడ్డల వాసన. ఆ వాసన తగిలితే నాకు ఇంటి మీద బెంగ వచ్చేది. ఎందుకంటే నేను పెరిగింది దాదాపు అలాంటి చోటే.

మా నాన్నది మైకుసెట్టు అద్దెకిచ్చే కొట్టు. ఊళ్లో ఎవరూ పేరు పెట్టి పిలిచేవాళ్లు కాదు, మైకాయన అనేవాళ్లు. అమ్మ కూడా వంటింట్లోంచి "మైకుగారూ, అన్నం చల్లారిపోతోంది" అని కేకేసేది. నాటకం ఉందంటే పొద్దునే నాన్న స్టేజీ ముందు భాగంలో అడ్డంగా తీగ కట్టి, దానికి మైకులు వేలాడదీసేవాడు. మనిషి తలకు జానెడు పైన ఉండేవి. గాలి గోల వినబడకుండా వాటికి చేతిరుమాళ్లు చుట్టేవాడు. మైదానం మూలల్లో వెదురు గడల మీద హారన్లు ఎక్కించి, "హలో, హలో, మైక్ టెస్టింగ్" అంటుంటే దాని వెనకే నేను కూడా "హలో హలో" అని అరిచేదాన్ని.

మా నాటకాల్లో ఎవరి డైలాగు వస్తే వాళ్లు మైకు కిందికి రావాలి, లేనివాళ్లు వెనక్కి తగ్గాలి. మొగుడూ పెళ్లాలు కొట్టుకునే సీనైనా ఇద్దరూ జనం వైపే చూస్తూ, ఒకే మైకు కింద సర్దుకుని నిలబడి కొట్టుకోవాలి. కత్తిపోటు తిన్నవాడు కూడా కడుపు పట్టుకుని మైకు దాకా నడిచొచ్చి, చెప్పాల్సిందంతా చెప్పి, అప్పుడు పడేవాడు. అందులో మాకెవరికీ వింత కనబడేది కాదు. నాన్న మాత్రం స్టేజీ పక్కన, తెర చాటున, చెక్కపెట్టె మీద ఆంప్లిఫయర్ పెట్టుకుని కూర్చునేవాడు. నా వేషం లేనప్పుడు నేను ఆయన పక్కన తీగల చుట్ట మీద కూర్చునేదాన్ని. ఆ ఆంప్లిఫయర్ వెచ్చగా ఉండేది. చలికాలం నాటకాల్లో దానికి వీపు ఆనించుకుని నిద్రపోయేదాన్ని.

ఇక్కడి హాల్లో మైకు లేదు. మాకు మాట పలకడం నేర్పే పెద్దావిడ ఆ రోజు మమ్మల్ని స్టేజీ మీద నిలబెట్టి సంగతి చెప్పింది. ఆవిడకు మోకాళ్ల నొప్పులు. అయినా రోజూ హాలు పైఅంతస్తు దాకా మెట్లెక్కి, కప్పుకు ఆనుకున్న ఆఖరి బెంచీలో కూర్చునేది. అందుకే మేం మేడమీదమ్మ అనేవాళ్లం.

"నేను పైన కూర్చుంటాను. మీ భాష నాకు రాదు. అయినా పలుకు పలుకూ విడిగా నాకు చేరాలి. చేరినంతసేపు చెయ్యి ఎత్తి ఉంచుతాను, చేరకపోతే దించేస్తాను. చెయ్యి దిగిపోయినవాళ్లు సాయంత్రం తెర లాగే పనిలో సాయం చేస్తారు. అదీ మంచి పనే" అంది.

మంచి పనే కావచ్చు, నాకు సంబంధించింది కాదనుకున్నాను.

ముందు పిల్లి వెళ్లింది. చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ, మామూలుగా మాతో ఎలా మాట్లాడుతుందో అలాగే మాట్లాడింది. పైన చెయ్యి లేచింది. మొదటి నుంచి చివరి దాకా దిగలేదు. నేను చప్పట్లు కొట్టాను. ఎంత మంచి హాలు, దీని మాట కూడా వినబడుతోంది, ఇక నేను మాట్లాడితే కప్పు లేచిపోతుందని లోపల లోపల పొంగిపోయాను.

నా ఘట్టం మా ఊరి హోమియో డాక్టరు రాసిన నాటకంలోది. తమ్ముడు తెల్లవారకముందే ఇల్లు వదిలి వెళ్లిపోబోతుంటే అక్క గుమ్మంలో ఎదురవుతుంది. "వెళ్లు. నిన్ను ఆపడానికి రాలేదు. కాకపోతే వెళ్లేవాడివి చెప్పి వెళ్లు. చెప్పి వెళితే గడియ పెట్టుకుని పడుకుంటాను. చెప్పకుండా వెళితే, ఈ తలుపు ఎప్పుడు వేసుకోవాలో నాకెవరు చెబుతారు?" ఆఖరి మాటకు మా ఊళ్లో మైదానం మైదానమంతా చప్పట్లు కొట్టేది.

నేను నడిచాను. స్టేజీ మధ్య నుంచి తిన్నగా ముందుకొచ్చి, అంచు దగ్గర ఆగి, గడ్డం పైకెత్తి, తలకు జానెడు పైన గాలిలోకి చూస్తూ మొదలుపెట్టాను. చెయ్యి లేవలేదు. కనబడలేదేమోనని ఇంకాస్త గట్టిగా అన్నాను. చెయ్యి సగం లేచి దిగిపోయింది.

"అక్కడ పైన ఏముంది?" అంది మేడమీదమ్మ, మామూలు గొంతుతోనే. ఆవిడ మాట పైనుంచి నా చెవి పక్కన అన్నట్టు వినబడింది.

నేను చూస్తున్న వైపు అందరూ తలెత్తి చూశారు. అక్కడ ఏమీ లేదు. అక్కడ ఉండాల్సింది మా నాన్న మైకు. మా బ్యాచ్‌లో మాలాగే మైకు నాటకాలు ఆడే ఊళ్ల నుంచి వచ్చిన మరో ఇద్దరికి వెంటనే అర్థమై ఘొల్లున నవ్వారు. వాళ్ల నవ్వు చూసి అర్థం కానివాళ్లు కూడా నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఉన్న ఊపిరంతా కూడగట్టి అరిచాను. మధ్యలో గొంతు జీరబోయి దగ్గు వచ్చింది.

"అరుస్తున్నావని తెలుస్తోంది. పలుకు మాత్రం రావడం లేదు" అందావిడ. కోపంగా అనలేదు. ఉన్నమాట అన్నట్టు అంది, అందుకే మరీ బాధేసింది.

మాస్టారు నన్ను పక్కకు పిలిచారు. ఆయన మా ఊరి నాటకాలకు జడ్జీగా వచ్చిన మనిషి, నన్ను ఈ నాటకాల చదువుకు రమ్మన్నదీ ఆయనే.

"ఏమైందమ్మా? మీ ఊళ్లో ఈ డైలాగు చెప్తే నేను కుర్చీలో ఎగిరిపడ్డాను కదా?"

"జలుబండీ" అన్నాను.

"సాయంత్రం జనం రాకముందు ఇంకోసారి వింటానంటోంది ఆవిడ. అప్పటికీ రాకపోతే నేనేం చెప్పలేను. ఇది వాళ్ల హాలు."

జలుబు లేదు. ఏమీ లేదు. పొద్దున ఎలా లేచానో అలాగే ఉన్నాను. నడవాలోకొచ్చి రంగు వేసిన ఉత్తుత్తి కిటికీ ముందు నిలబడి, అసలు ఏమైందో ఆలోచించాను. అప్పుడు తట్టింది. మా మైదానంలో సైకిళ్ల దాకా వెళ్లింది నా గొంతేనా? ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. నాతో ఆడినవాళ్లు నాటకం అయ్యాక తెర చాటుకొచ్చి "మైకాయనా, ఆ పిల్లకంత సౌండు వస్తోంది, మాకు రాదేం?" అని అడిగేవాళ్లు. నాన్న తీగ చుట్టుకుంటూ "మైకు కిందికి రండి సార్, దూరంగా నిలబడితే నేనేం చేసేది" అనేవాడు. నేను పక్కనే ఉండి ముసిముసిగా నవ్వుకునేదాన్ని. మైకు ఎక్కడుందో కూడా తెలియని నటులని.

భోజనాల వేళ అందరూ లోపలికి వెళితే నేను వెనక మెట్ల మీద కూర్చుని నాన్నకు ఫోన్ చేశాను. ఇంటి దగ్గర టైము మాకన్నా వెనక, అక్కడింకా పొద్దునే. అప్పుడే కొట్టు తీస్తున్నట్టున్నాడు. షట్టరు చప్పుడు వినబడింది.

"ఏమ్మా, ఇవాళేగా నీ ఆట? బాగా చెప్పు. తినేసి వెళ్లు, ఖాళీ కడుపుతో స్టేజీ ఎక్కకు" అన్నాడు.

"నాన్నా, ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పు. నేను స్టేజీ మీద ఉంటే నాకు సౌండు పెంచేవాడివా?"

షట్టరు చప్పుడు ఆగిపోయింది.

"ఎవరన్నారే?"

"ఎవరూ అనలేదు. పెంచేవాడివా, లేదా?"

"పెంచకుండా ఎలా ఉంటానమ్మా?" అన్నాడు, నేనేదో తెలివితక్కువ ప్రశ్న వేసినట్టు. "కుందేలు వేషం రోజున నీ నోరు కదులుతోంది గానీ మాట బయటికి రావడం లేదు. ముందు వరుసల్లో నవ్వులు మొదలయ్యాయి. ఏడ్చేస్తావేమోనని గబుక్కున పెంచాను. నీ గొంతు హారన్లలో విని నువ్వే ఉలిక్కిపడి, తర్వాత నవ్వావు చూడు, ఇంకేం, రెచ్చిపోయావు. అప్పట్నుంచీ అలవాటైపోయింది. నీ డైలాగు వస్తోందంటే చెయ్యి దానంతటదే వెళ్లిపోయేది."

"కాలేజీకి వచ్చాక కూడానా?"

"కాలేజీకి వస్తే కూతురివి కాకుండా పోతావా?"

"అందరూ కంచు కంఠం, కంచు కంఠమని అంటుంటే లోపల నవ్వుకునేవాడివా?"

"నవ్వుకోవడమేంటే? నేనూ అనేవాణ్ని కదా" అన్నాడు నాన్న.

అదే నాకు మరీ కోపం తెప్పించింది. అబద్ధం ఆడినవాడు కనీసం అది అబద్ధమని తెలిసి ఆడాలి. ఈయన తనే నాబు తిప్పి, తనే విని, తనే మురిసిపోయాడు.

"ఇక్కడ మైకు లేదు నాన్నా. అందరికీ గొంతుంది, నాకొక్కదానికే లేదు. పిల్లికి కూడా ఉంది. నువ్వే నన్ను పాడు చేశావు" అని ఫోన్ పెట్టేశాను. ఉంటానని కూడా చెప్పలేదు.

పిల్లి రొట్టెముక్క పట్టుకుని నన్ను వెతుక్కుంటూ వచ్చింది. నాకు ఆకలి లేదన్నాను. అది పక్కన కూర్చుని రొట్టెముక్కను రెండుగా తుంచింది.

"పొద్దున సగం ఇస్తానన్నావుగా. కావాలంటే నాదే తీసుకోవే" అంది.

ఎగతాళి అనుకుని దాని మీద కూడా అరిచాను. ఆ అరుపుకు సందు చివరిదాకా పావురాలు లేచిపోయాయి. "చూశావా, పావురాలకు వినబడింది" అంది పిల్లి, నవ్వు ఆపుకోలేక. నాకు నవ్వు రాలేదు. ఏడుపొచ్చింది. అది నా తల తన భుజానికి ఆనించుకుంది.

మధ్యాహ్నం నన్ను తెర మనిషికి అప్పగించారు. సాయంత్రం నేను తెర లాగాల్సి వస్తే పని తెలిసి ఉండాలి కదా. అతను బాగా లావుపాటి మనిషి. తాడు ఎలా పట్టుకోవాలో చూపించి, వదిలితే అరచెయ్యి కాలిపోతుందని బెదిరించి, నన్ను స్టేజీ పక్కన చీకట్లో నిలబెట్టి తన పని చూసుకోవడానికి వెళ్లాడు. తాడు పట్టుకుని పళ్లు నూరుకుంటూ నిలబడ్డాను. స్టేజీ మీద పిల్లి మళ్లీ తన ఘట్టం చెప్పుకుంటోంది.

అక్కణ్నుంచి చూస్తే దాని చెవి కనబడింది. జడ కనబడింది. మాట పలికినప్పుడల్లా మెడ మీద ఒక నరం లేచి అణగడం కనబడింది. బుగ్గ సగం. కళ్లు కనబడలేదు. అది ఏడుస్తోందో నవ్వుతోందో నాకు తెలియలేదు. మొహం చూద్దామని కాస్త ముందుకు వంగితే తెర మనిషి ఎక్కణ్నుంచో "వెనక్కి!" అని కసిరాడు. జనానికి కనబడిపోతానట.

నాన్న కూర్చునేది కూడా అక్కడే. సరిగ్గా ఆ పక్కనే.

నేను ఆడిన నాటకాలన్నీ నాన్న చూశాడని ఎప్పుడూ గొప్పగా చెప్పుకునేదాన్ని. ఏం చూశాడు? నా కుడిచెవి చూశాడు. జడ చూశాడు. సెట్టు వదిలి ఒక్కసారి కూడా మైదానంలోకి వెళ్లి కూర్చోలేదు. కూర్చునే వీలెక్కడిది? తర్వాత ఎవరో వచ్చి "ఏడిపించేసిందయ్యా మీ అమ్మాయి" అంటే "ఎక్కడ ఏడ్చారండీ?" అని ఆశగా అడిగేవాడు. ఇంటికొచ్చి అన్నం తింటూ "ఆ తలుపు మాట అన్నప్పుడు మొహం ఎలా పెట్టావమ్మా? ఒకసారి పెట్టు చూద్దాం" అనేవాడు. నాకు నిద్ర ముంచుకొస్తూ ఉండేది. "ఎలా పెడతారు నాన్నా, మామూలుగానే పెట్టాను" అని విసుక్కునేదాన్ని. అమ్మ "దాన్ని తిననివ్వండి" అనేది. ఆయన తలొంచుకుని మజ్జిగ కలుపుకునేవాడు.

ఒక్కసారైనా ఆ మొహం పెట్టి చూపించాల్సింది. ఎంత పని అది! అన్నం ముద్ద పక్కన పెట్టి, ఆ ఒక్క మాట అని, మళ్లీ తింటే ఏం పోయేది? తాడు పట్టుకుని చీకట్లో నిలబడి అదే అనుకున్నాను. ఇందాకటి కోపమంతా ఎక్కడికి పోయిందో తెలియలేదు. నాన్న చూడని మొహం వేసుకుని ఇంత దూరం వచ్చి, ఉంటానని కూడా చెప్పకుండా ఫోన్ పెట్టేశానే అనిపించింది.

సాయంత్రం జనాన్ని లోపలికి వదలకముందు మేడమీదమ్మ మెట్లెక్కింది. ఒక్కో మెట్టుకూ ఆగి, కమ్మీ పట్టుకుని, అమ్మయ్యా అనుకుంటూ ఎక్కింది. కింద ఖాళీ కుర్చీలు, మొదటి వరుసలో మాస్టారు. తెర దగ్గర పిల్లి వేళ్లు మెలేసుకుంటూ నిలబడింది.

"గట్టిగా వద్దు. నాకు చెప్పు. లేదా నా పక్కన ఎవరైనా ఉన్నారనుకుని వాళ్లకు చెప్పు" అంది పైనుంచి.

నేను అంచు దాకా వెళ్లలేదు. స్టేజీ మధ్యలోనే ఆగాను. కాళ్లు ముందుకు లాగుతూనే ఉన్నాయి, చిన్నప్పటి అలవాటు కదా. ఆపాను. పైకి చూశాను. ఆఖరి బెంచీలో ఆవిడ పక్కన బోలెడు చోటుంది. అక్కడ నాన్నను కూర్చోబెట్టాను. కొట్టుకు వేసుకెళ్లే చారల చొక్కాతోనే, చేతిలో ఏమీ లేకుండా, తిప్పడానికి ఏమీ లేకుండా. ఊరికే కూర్చోవడం ఆయనకు చేతకాదు కాబట్టి అటూ ఇటూ ఇబ్బందిగా కదులుతున్నాడు. ఎదురుగా నా మొహం, మొదటిసారి.

"వెళ్లు" అన్నాను. "నిన్ను ఆపడానికి రాలేదు."

నాకే కొత్తగా వినబడింది. మా ఊళ్లో ఈ మాటకు నేను చెయ్యి ఝాడించి గుమ్మం వైపు చూపించేదాన్ని. ఇప్పుడు చెయ్యి ఎత్తాలనిపించలేదు. ఆయన నా కళ్లు చూడాలి, అంతే కావాలి నాకు. మిగతా మాటలు ఒకదాని వెనక ఒకటి చెప్పాను. చెప్పి వెళ్లమనే చోటికి వచ్చేసరికి మధ్యాహ్నం ఫోను గుర్తొచ్చి మాట మధ్యలో తెగింది. ఊపిరి పీల్చుకుని, ఆఖరి మాట అన్నాను.

అన్నాక గానీ మేడమీదమ్మ చెయ్యి గురించి నాకు గుర్తు రాలేదు. చూస్తే ఎత్తే ఉంది.

"రెండు చోట్ల పలుకు పోయింది" అందావిడ. "ఫరవాలేదు. మనుషులు నిజంగా మాట్లాడుకునేటప్పుడు రెండు పలుకులు పోతూనే ఉంటాయి. ఆ తాడు వేరేవాళ్లకు ఇచ్చేయి."

మాస్టారు జేబురుమాలు తీసి కళ్లజోడు తుడుచుకున్నారు. పిల్లి పరుగెత్తుకొచ్చి నన్ను చుట్టేసింది. తెర మనిషి మాత్రం, అంత కష్టపడి నేర్పించాక వెళ్లిపోతున్నానని మొహం మాడ్చుకున్నాడు.

ఆ రాత్రి ఆటకు హాలు నిండింది. కింద కుర్చీల్లో కోట్లు విప్పి ఒళ్లో పెట్టుకున్నవాళ్లు, పైఅంతస్తులో కాలేజీ పిల్లలు, కొందరు కప్పుకు ఆనుకుని నిలబడి కూడా చూశారు. మా భాష వాళ్లలో ఒక్కరికీ రాదు. నేను నా చోట నిలబడి మామూలుగా చెప్పాను. పైన ఎవరో దగ్గబోతే పక్కవాళ్లు ష్‌ష్ అన్నారు. ఆఖరి మాట అయ్యాక మా మైదానంలో లాగా చప్పట్లు మోగలేదు. నెమ్మదిగా మొదలయ్యాయి. అప్పుడు నా మనసులో ఉన్నది ఒక్కటే, ఎప్పుడు బయటపడతానా, ఎప్పుడు ఇంటికి ఫోన్ చేస్తానా అని.

వెనక మెట్ల మీద కూర్చుని చేశాను. ఇంటి దగ్గర ఇంకా ఎండ తగ్గినట్టు లేదు, కొట్టులో ఫ్యాను గరగరలాడుతోంది. మొదటి రింగుకే ఎత్తాడు. పొద్దున్నుంచీ ఫోన్ చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడని అమ్మ తర్వాత చెప్పింది.

"నాన్నా, ఇందాక ఉంటానని చెప్పకుండా పెట్టేశాను."

"పెట్టేస్తే పెట్టేశావులే. నేనెక్కడికి పోయాను?" అన్నాడు. ఆ తర్వాత, అడగొచ్చో అడగకూడదో అన్నట్టు, "ఏమైంది మరి?" అన్నాడు.

"వినబడింది. పైన ఆఖరి బెంచీ దాకా."

"మైకు లేకుండానా?"

"మైకు లేకుండానే."

"అబ్బో!" అన్నాడు. సంతోషమే, నాకు తెలుసు. కానీ దాని వెనక ఇంకేదో కూడా ఉంది. "అయితే ఇక మీ నాన్నకు పని లేదన్నమాట. పోన్లే, హాయిగా కూర్చుని చూస్తాను" అని నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

"నాన్నా, నీకొకసారి చెప్పనా?"

"ఇప్పుడా? అలిసిపోయి ఉంటావు."

"చెప్పనా, వద్దా?"

"చెప్పమ్మా" అన్నాడు. ఫ్యాను ఆగిపోయింది. తనే లేచి ఆపినట్టున్నాడు.

ఆట చూసినవాళ్లు సందులోంచి నడిచి వెళుతున్నారు. నేను మెట్ల మీద కూర్చుని, ఫోన్ చెవికి ఆనించుకుని, పైబెంచీలో నాన్నకు ఎలా చెప్పానో అలాగే చెప్పాను. గొంతు పెంచలేదు. ఆఖరి మాట అయ్యాక లైను పోయిందేమోనని ఫోన్ తీసి చూసుకున్నాను.

"వింటున్నావా?"

"వింటున్నా. ఆ తలుపు మాటకు ముందు ఊపిరి పీల్చావు కదూ?"

"పీల్చాను. పీల్చకపోతే ఎలా?"

"నేనెప్పుడూ వినలేదే" అన్నాడు నాన్న. "ఇన్నేళ్లూ స్టేజీ పక్కనే కూర్చున్నాను గదమ్మా, నీ ఊపిరి ఒక్కసారి కూడా వినలేదు. సెట్టు గోలలో పోయేది. నేనే పోగొట్టాను."

ఆయన ముక్కు చీదుకున్నాడు.

"అక్కణ్నుంచి ఇంకోసారి చెప్పు తల్లీ" అన్నాడు.

ఊపిరి పీల్చుకుని, మళ్లీ చెప్పాను.